నవీన ఒక్కతే బాకీ

మస్కట్ పక్కనున్న సీబ్‌లో, బ్యాంకు బ్రాంచిలో పదింటికల్లా అందరూ పోస్టు షేర్ చేసేశారు. నవీన ఒక్కతే మిగిలింది.

ఆ బ్యాంకు వాళ్లకి ఈ మధ్య లింక్డిన్ పిచ్చి పట్టుకుంది. మస్కట్ హెడ్డాఫీసు ఏ పోస్టు పెట్టినా సిబ్బంది మొత్తం తమ తమ పేజీల్లో షేర్ చేయాలి. పైన సొంతంగా రెండు ముక్కలు రాయాలి. ఏ బ్రాంచి ఎంత చురుగ్గా ఉందో సాయంత్రానికల్లా తేలిపోతుంది. వెనకబడ్డవాళ్లకి మర్నాడు అక్షింతలు.

సొంత సంగతులు మాత్రం ఎవరూ పెట్టరు. ఒకసారి నాదియా తన పెళ్లి ఫోటో పెట్టింది. బ్యాంకు పోస్టులకి ఏనాడూ రానన్ని లైకులొచ్చాయి. పెళ్లికొడుకు బిలాల్‌దీ ఇదే బ్యాంకు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఇక్కడ పనిచేయకూడదని రూలు. ఆ ఫోటో హెడ్డాఫీసు కంట్లో పడింది. నెల తిరక్కుండా నాదియా చేత రాజీనామా రాయించుకున్నారు. ఏం చేస్తారు మరి, రూలు రూలే. అప్పట్నుంచి బ్యాంకు ఇచ్చింది షేర్ చేయడం, దండం పెట్టే బొమ్మ ఒకటి తగిలించడం, అంతే.

ఇవాళ్టి పోస్టు భూమేశ్ మీద. లోన్ల సెక్షన్‌లో ఉండేవాడు. పోయిన నెల దుక్మ్ అనే ఊరి నుంచి వస్తుంటే కారుకి ఒంటె అడ్డమొచ్చింది. అక్కడికక్కడే పోయాడు. ‘భూమేశ్‌కి బ్యాంకే ఇల్లు, బ్యాంకే కుటుంబం’ అని రాసి పైన అతని ఫోటో వేశారు. పిక్నిక్ నాటి ఫోటో. పక్కనున్నవాళ్లని కత్తిరించేశారు.

నవీన ఆ వాక్యం చదివింది. ఇంకోసారి చదివింది. ఏమీ అనిపించలేదు. సెలవు నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి ఏదీ ఏమీ అనిపించడం లేదు. కస్టమర్లు వస్తున్నారు, సంతకం సరిచూస్తోంది, స్టాంపు వేస్తోంది. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది.

అసిస్టెంట్ మేనేజర్ ముఖీత్ వచ్చి కౌంటర్ పక్కన నిలబడ్డాడు. హైదరాబాదు మనిషి. గొంతు పెంచడు గానీ పట్టు వదలడు.

“క్యా నవీనా, మొత్తం బ్రాంచిల నువ్వొక్కదానివే బాకీ. ఈ నెల నీ కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, యాదుందా? పైవాళ్లు ఇవి గూడ చూస్తున్నరు.”

“చేస్త సార్.”

“పొద్దుగాల్నుంచి అదే చెప్తున్నవ్. డ్యూటీ అయ్యేలోపల కావాలె.”

అది బెదిరింపేమీ కాదు, ఉన్నమాటే. ఉద్యోగం పోతే వీసా పోతుంది. ఊళ్లో ఇల్లు ఇప్పుడు నవీన జీతం ఒక్కదాని మీదే నడవాలి. ఆ సంగతి ఆమెకి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

ముఖీత్ అటు వెళ్లాడో లేదో పక్క కౌంటర్ రఘుపతి అందుకున్నాడు. కరీంనగర్ వాడు, నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

“ఏం మనిషివమ్మా నువ్వు. శవాన్ని పంపేనాడు బ్రాంచంత ఎయిర్‌పోర్ట్ కాడికొచ్చె. నువ్వేమో గదే దినం లీవు పెట్టి ఊరికి పోతివి. ఇప్పుడు రెండు ముక్కలు రాయనీకి గూడ చేతులస్తలేవా?”

“ఏం రాయాల్నో తెలుస్తలేదన్నా.”

“మంచోడుండె అని రాయి. సచ్చినోనికి గంతకంటే ఎవరేం రాస్తరు?”

నవీన ఫోన్ తీసింది. ‘భూమేశ్’ అని కొట్టింది. ఆ తర్వాత ఏమీ తోచలేదు. చెరిపేసింది. ‘మంచోడు’ అని కొట్టింది. అదీ చెరిపేసింది. రఘుపతి ఆమె వేళ్ల వంక చూసి, రాతిగుండె అని పైకే అనేశాడు.

రాయడం చేతకానివాళ్ల కోసం హెడ్డాఫీసు వాళ్లే ఒక నమూనా పంపారు. చివరికి దాన్నే అతికించింది. ‘భూమేశ్‌తో కలిసి పనిచేయడం నా అదృష్టం. మంచి సహోద్యోగిని కోల్పోయాం.’ కింద దండం పెట్టే బొమ్మ. షేర్ నొక్కేసింది.

ముఖీత్ తన గాజు గదిలోంచే బొటనవేలు పైకెత్తి చూపించాడు. కాసేపటికి బయటికొచ్చాడు.

“షాబాష్. బ్రాంచి నూటికి నూరు. ఇంక నీ రెన్యువల్‌కి ఫికర్ లేదు.”

“థాంక్యూ సార్,” అంది నవీన.

లైకులు వస్తూనే ఉన్నాయి. సలాలా నుంచి ఎవరో, సొహార్ నుంచి ఎవరో, ముక్కూమొహం తెలియనివాళ్లు. రఘుపతి కూడా ఒకటి కొట్టాడు. ఆమె ఫోన్ బోర్లా పెట్టి తర్వాతి కస్టమర్‌ని పిలిచింది.

భోజనాల వేళ టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే ఊరినుంచి ఫోనొచ్చింది. శాంతవ్వ గొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది.

“బ్యాంకోళ్ల ఫోటో మీద నువ్వు రాసింది చదివించుకొని విన్న బిడ్డా, నా కొడుకుతోని కలిసి పనిచేసినవని రాసినవు గని, వాని పెండ్లానివని ఒక్క మాట రాయకపోతివేంది?”