తప్పు చేసినవారి లైను

“ఆ ఒక్క లైను తీసెయ్యమ్మా. మిగతాదంతా నీ ఇష్టం,” అన్నాడు మేనేజరు, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటూ.

“తీయను సార్.”

ఆఫీసులో ఆమెను హెడ్‌మిస్ట్రెస్ అంటారు. ఆసుపత్రుల్లో సెలైన్ పంపులను నడిపే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. కొత్త వెర్షన్‌లో చేసిన సవరణను పాతదానికి తెచ్చేటప్పుడు అసలు సవరణ నంబరెంతో, తప్పు ఏ మార్పుతో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఆ సవరణతో పాటు వెళ్లే సందేశంలో రాసి తీరాలి. ఒక్క ముక్క తగ్గినా ఆమె నిర్మొహమాటంగా వెనక్కి కొట్టేస్తుంది.

ఈసారి తప్పు చిన్నది కాదు. పంపును ఆపి మళ్ళీ మొదలుపెడితే మందు రెండింతలు ఎక్కుతోంది. ఒక నర్సు సమయానికి కనిపెట్టబట్టి రోగి ప్రాణం నిలిచింది.

“‘చిన్న సవరణ’ అని రాస్తే సరిపోదూ? ఏడేళ్ల నాటి మార్పు. ఇప్పుడు తవ్వి ఎవరికి లాభం?”

“అది రాయకపోతే, తమ పంపులో ఆ తప్పు ఉందో లేదో ఆసుపత్రివాళ్లకి ఎలా తెలుస్తుంది?”

“సరే, మార్పు నంబరు ఉంచు. పేరు తీసెయ్.”

“ఇన్నాళ్లూ అందరి పేర్లూ ఉంచాం. ఈ పేరుకేమైనా కొమ్ములొచ్చాయా?”

మేనేజరు గొంతు తగ్గించాడు. “విచారణ కమిటీ చదువుతుందమ్మా. ఒక్క పొరపాటుకి ఇన్నేళ్ల కష్టం మట్టిలో కలిసిపోవాలా? కాస్త జాలి చూపించు.”

“జాలి ఆ మంచం మీదున్న మనిషి మీద చూపిద్దాం. కావాలంటే ఇంకొకరి చేత రాయించుకోండి. నా సంతకంతో మాత్రం ఇలాగే వెళ్తుంది.”

అతను తల పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

పక్క సీటు టెస్టరు పోయినేడే ఈ ఆఫీసుకొచ్చిన పెద్దావిడ. అంతా చెవులారా వింది.

“మరీ అంత పంతమేమిటే? పాపం, ఎవరో ఏమో. ఉద్యోగం ఊడుతుంది.”

“ఊడనీ అక్కా.”

“నీకేం పగే ఆ మనిషి మీద?”

హెడ్‌మిస్ట్రెస్ తన తెర వైపు తిరిగింది. సందేశాన్ని పైనుంచి కిందికి మరోసారి చదివింది. ఒక కామా దిద్దింది. మీట నొక్కింది. ఇక ఆ లైనును ఎవరూ చెరపలేరు. గ్లాసెడు నీళ్లు గటగటా తాగి, తలెత్తుకుని కమిటీ గది వైపు నడిచింది.

పెద్దావిడ ఉండబట్టలేక తన తెర మీద ఆ సందేశం తెరిచింది. తప్పు చేసినవారి పేరు కోసం వెతికింది.

అక్కడున్నది హెడ్‌మిస్ట్రెస్ పేరే.