మీదికి జరపుండ్రి

"మేడం లేరా సార్?" నిచ్చెన మీది మనిషి అడిగాడు.

"లేరు," అన్నాడు మహబూబ్ సుభాని.

భార్య ఖాలిదా చనిపోయి ఎనిమిది నెలలు. లైటు బిగించడానికి వచ్చిన మనిషికి అదంతా చెప్పడం ఎందుకనిపించింది.

ఆ మనిషి తల ఊపి, గొలుసును కొక్కేనికి తగిలించాడు. పేరు భోజన్న. జగిత్యాల వైపు మనిషి. జెద్దాలోని ఒక అక్వేరియం దుకాణం పంపింది.

సుభాని ఆ ఊళ్ళోనే ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. హాల్లో ఉన్న ఉప్పునీళ్ళ ట్యాంకు మాత్రం ఖాలిదాది. ప్రాణమున్న గోరంత పచ్చ పగడాన్ని తెచ్చి, అందులో పెంచి ఆరేళ్ళలో అరచేయంత చేసింది. ఆమె పోయాక చేపలు ఒక్కొక్కటే పోయాయి. పగడం మిగిలింది.

ఈమధ్య దాని పచ్చదనం టీ రంగుకు తిరిగింది. పాత ట్యూబులు మందగించి ఉంటాయి, కొత్త ఎల్ఈడీ వేయాలని ఎక్కడో చదివాడు. తెల్ల వెలుగా, నీలం వెలుగా, ఎన్ని వాట్లు? మూడు వారాలు తేల్చుకోలేకపోయాడు. చివరికి, తక్కువ చేసి దీన్ని కూడా పోగొట్టుకోకూడదనుకున్నాడు. దుకాణానికి ఫోన్ చేసి అన్నిటికన్నా పెద్దది పంపమన్నాడు.

భోజన్న ఆ లైటును నీళ్ళకు బాగా ఎత్తున కట్టాడు. సోఫాలో కూర్చుంటే కళ్ళలో పడుతోంది, కిందికి దించమన్నాడు సుభాని.

"దీనికి ఎండదెబ్బ తగుల్తది సార్."

నీళ్ళలో ఉన్నదానికి ఎండదెబ్బేమిటని సుభాని నవ్వాడు.

"ఊర్ల నుంచి కొత్తగ వచ్చినోన్ని మొదటి దినమే ఈ ఎండల నిలవెడ్తే ఏమైతడు సార్? పడిపోతడు. వారం దినాలు నీడ పని ఇస్తం. ఇది గూడ గంతే."

ఏసీ బాగుచేసేవాళ్ళు, ప్లంబర్లు కూడా పోయేముందు ఇలా ఏదో ఒకటి చెప్పే పోతారు. సుభాని దించమనే అన్నాడు.

భోజన్న దించాడు. మిగిలిన గొలుసును కత్తిరించకుండా చుట్టి పైన పెట్టాడు. తర్వాత ట్యాంకు ముందు గొంతుక్కూర్చుని పగడాన్ని చాలాసేపు చూశాడు.

"మంచిగ పెరిగింది," అన్నాడు తనలో తాను.

చెప్పులు వేసుకుంటూ గడప దగ్గర ఆగాడు.

"తెల్లవడ్డట్టు కనిపిస్తే మీదికి జరపుండ్రి సార్. మేడం వచ్చినంక ఈ మాట చెప్పుండ్రి, ఆమెకు సమజైతది."

సుభాని సరేనన్నాడు.

ఆరో రోజుకు పగడం కొసలు తెల్లబడ్డాయి.

మీదికి జరపమన్నాడు కదా అని గుర్తొచ్చింది. ఆ లైటుకు ఫోన్లో ఒక నిలువు గీత ఉంది. గీత మీది చుక్కను పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. నలభై దగ్గర ఉన్న చుక్కను సుభాని నూరు దాకా జరిపాడు.

ఇంకో మూడు రోజులకు పగడం సున్నం కొట్టినట్టయింది.

మధ్యాహ్నం డ్యూటీకి సెలవు పెట్టి దుకాణానికి వెళ్ళాడు. మేనేజరు షాబాజ్‌ది నంద్యాల. వచ్చినాయనది ప్రొద్దుటూరని తెలిసి కుర్చీ జరిపాడు. సుభాని కూర్చోలేదు. పని తెలియని మనుషులను ఇళ్ళకు పంపుతున్నారని, ఆ మనిషి చెప్పినట్టు చేసినందుకే ఇలా అయిందని గట్టిగానే అన్నాడు. ఆ ఉదయం తీసిన ఫోటో చూపించాడు.

షాబాజ్ ఫోటోను వేళ్ళతో పెద్దది చేశాడు.

"లైటు ఇంకా కిందనే ఉంది కదన్నా?"

"మీదికే జరిపినా. నూటికి నూరు." సుభాని ఫోన్లోని గీత చూపించాడు.

షాబాజ్ మళ్ళీ ఫోటో తెరిచి, లైటు పైన చుట్టిపెట్టిన గొలుసు మీద వేలు పెట్టాడు.

"గీతను కాదన్నా, లైటును. దానికే గొలుసు మిగిల్చిపెట్టినాడు."

సుభాని అప్పుడు కూర్చున్నాడు.

షాబాజ్ టీ తెప్పించాడు. తప్పు ఎవరిదన్న మాట ఎత్తలేదు. అడుగున ఇంకా కాస్త రంగు కనిపిస్తోందని, ఈరోజే లైటును పైకి కట్టి వెలుగును ఇరవైకి దించితే ఆ మేరకైనా బతకవచ్చని చెప్పాడు.

"ఆయన్నే ఒకసారి పంపప్పా," అన్నాడు సుభాని. "నేను మాట్లాడాల."

"యాడ పంపేదన్నా. నిన్ననే ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి పోయినాడు, ఇంక మళ్ళా రాడు. పదకొండేండ్లు ఈడ చేసినాడు."

నంబరైనా ఇమ్మన్నాడు. భోజన్న ఇక్కడి సిమ్ము వదిలేసి వెళ్ళాడట. ఊళ్ళో కొత్తది తీసుకున్నాక ఫోన్ చేస్తానన్నాడట. చేస్తే చెబుతానన్నాడు షాబాజ్.

ఫోను తిరిగి ఇవ్వబోతూ ఆగి, ఫోటోను ఇంకోసారి దగ్గరగా చూశాడు.

"ఇది ఖాలిదా మేడంది కాదా? నెలనెలా వచ్చి దీని ఫోటో చూపిస్తా ఉండె. ఊరికి పోయిందేమోనన్నాడు భోజన్న, ఇంకా రాలేదా ఆమె?"

సుభాని టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏమిలేదన్నా, భోజన్న పోతాపోతా ఆమెకు సలాం చెప్పమన్నాడు. నీళ్ళలో ఉప్పు కలిపేది కాడ్నుంచి మేడంకు అన్నీ నేర్పించిన ఉస్తాదు ఆయనే గదా."