వాచీ చెప్పిన అబద్ధం

మారథాన్ మొదలవడానికి ఇంకా పది నిమిషాలుంది. చూపులేని అక్క మణికట్టునీ నా మణికట్టునీ కలిపి తాడు కట్టాను.

"కిలోమీటరుకి ఆరు నిమిషాలు. అంతే కదరా?" అంది.



"అక్కా, ప్రాక్టీసులో ఏ రోజూ ఆరు రాలేదు. ఏడు పట్టేది. నా కాళ్లకి అంతే చేతనయింది. నువ్వు టైమడిగిన ప్రతిసారీ వాచీ చూసి అబద్ధం చెప్పాను."

అక్క ముడిని తడిమి, ఇంకాస్త బిగించింది.

"మొదటి వారమే తెలిసింది. అడుగులు లెక్కపెట్టుకోకుండా నేనెక్కడికైనా కదులుతానట్రా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే, వేగంగా పరిగెత్తేవాణ్ణి చూసుకోమని నువ్వు తప్పుకుంటావు. అందుకే నేనూ నటించాను. పద, ఇవాళ టైమెంతని అడగనులే."