ఒక్క జమానతు

"పన్నెండు రోజులైంది. ఇద్దరు జామీనుదారులు దొరకలేదా?" అన్నారు జడ్జిగారు.

ఫీజు లేకుండా వాదిస్తున్న సుజన మేడం లేచింది. రామ్‌చందర్ పాలు పిండే కూలీ అనీ, జహనుమాలో రేకుల గదిలో కిరాయికి ఉంటాడనీ, ఒక్కొక్కరు పాతికవేల పూచీకి ఇద్దరిని తేవాలంటే ఇల్లున్న చుట్టం ఒక్కడూ లేడనీ చెప్పి, తగ్గించమని అడిగింది.

కేసు చిన్నదే. అతను పనిచేసే సీతారాం సేటు బర్రెల కొట్టంలో గడ్డి కోసే మిషను మోటారు పోయింది. రామ్‌చందరే ఎత్తుకుపోయాడని సేటు రాసిచ్చాడు. ఒకటో తారీఖు నుంచి జల్‌పల్లిలో వేరే కొట్టానికి పోతానని రామ్‌చందర్ చెప్పిన మూడో రోజే అది పోయింది.

జడ్జిగారు రామ్‌చందర్ భార్య ఆండాలు వైపు చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మోటారు మొయ్యనీకి మా ఆయనకు టైమేడిది సారు? పొద్దుగాల పద్దెనిమిది బర్రెలు, మాపటికి పద్దెనిమిది. ఇంకోల్ల చెయ్యి తగిల్తే అవి చేపయి, పాలియ్యయి."

పక్కనున్న కానిస్టేబులు నవ్వాడు. జడ్జిగారు నవ్వలేదు. ఒక్కరు చాలు, పదివేలకు, అని రాశారు.

ఆ ఒక్కరి కోసం ఆండాలు గల్లీలన్నీ తిరిగింది. పదేళ్లుగా పాలు పోయించుకున్న శారదమ్మ, ఆయన వచ్చాక అడిగి చెప్తానంటూ తలుపు వేసుకుంది. కిరాణా దుకాణం నగేష్ ఆమెను చూడగానే ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఆ ఫోను మోగనే లేదు.

మర్నాడు కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంటే ఆటో ఆగింది. దిగింది నాగమణమ్మ, సీతారాం సేటు భార్య. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఇంటి పన్ను రసీదు.

"ఏడ్వకు. ఇల్లు నా పేరు మీదున్నది. నేను పెడ్త సంతకం."

"సేటుకు తెలిస్తెనో అమ్మా?"

"ఆయన సంగతి నేను చూస్కుంట."

ఆండాలు వంగి ఆమె కాళ్లు పట్టుకుంది. ఇన్ని రోజుల్లో తనతో మెత్తగా మాట్లాడిన మనిషి ఆ ఒక్కతే.

సాయంత్రం జైలు గేటు దాటి రామ్‌చందర్ వచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి. ఆండాలు అతని చెయ్యి పట్టుకుని, ఇంటికి పోదాం, బువ్వ వండి పెట్టిన అంది.

"ముందుగాల కొట్టానికి," అంది నాగమణమ్మ ఆటోలో జరిగి చోటిస్తూ. "ఎవ్వడు కూసున్నా బర్రెలు చేపుతలేవు. పాలు సగానికి పడ్డయి. సేటు బకీట్లు కడిగి పెట్టిండు."

రామ్‌చందర్ కదల్లేదు. ఒకటో తారీఖు నుంచి జల్‌పల్లి పోతున్నానని మెల్లగా గుర్తు చేశాడు.

నాగమణమ్మ కవరు మడిచి సంచిలో పెట్టుకుంది.

"పో బిడ్డా, ఎవరొద్దన్నరు? నీకిచ్చిన జమానతు ఎప్పుడంటె అప్పుడు వాపస్ తీస్కోవచ్చట, తీస్కుంటె మల్ల జైలుకేనట. మోటారు పోకముందే మా సేటు వకీలును అడిగి తెల్సుకున్నడు."