చెవి పక్కన గజ్జె

"యినపడ్తాండాదా పాపా?"

ముసిలామె నేత్రావతి కుడి చెవి వెనక గజ్జెను మెల్లగా ఆడించింది. మేకపిల్ల మెడలో కట్టే చిన్న గజ్జె.

ఆస్పత్రి మంచం మీద పడుకున్న నేత్రావతి తల ఊపింది. ఆమె చేతి నరంలోకి సెలైనుతో మందు ఎక్కుతోంది.

అప్పుడే ఒగ్గరణె బొరుగుల పొట్లంతో వార్డులోకి వచ్చిన ఆమె మొగుడు జంబన్న గుమ్మంలోనే ఆగాడు.

"ఏందిది? గజ్జెలు ఊపుకుంటా జోగమ్మలు ఆస్పత్రిలోకి గూడా వచ్చేసినారా?"

ముసిలామె అతని వైపు చూడకుండానే నేత్రావతి ఎడమ చెవి వైపు తిరిగింది.

"నిన్నేనమ్మా. మాకు దిష్టి తీసేది వద్దు, శాస్త్రం చెప్పేది వద్దు. ఇంకో మంచం చూసుకో, పో."

ఆమె అతని చేతిలోని పొట్లం చూసి నవ్వింది. "తిన్నానప్పా. నువ్వు తిను."

జంబన్నకు ఒళ్ళు మండింది.

అసలే అతని బుర్ర తిరిగిపోయి ఉంది. సండూరు గనుల దగ్గర లారీ తోలుకునే మనిషి. పెళ్ళాం రొమ్ములో గడ్డ అన్నారు. బళ్ళారికి తీసుకొస్తే, స్కానింగు చెయ్యాలంటే ఒంటి మీద లోహం ఉండకూడదని తాళి, మెట్టెలు తీయించారు. తీరా ఇప్పుడు నరంలోకి ఎక్కించే మందులోనే లోహం ఉందంటున్నారు.

కొత్త మందు, ఇంకా పరీక్షలో ఉంది, ఇష్టమైతేనే ఎక్కిస్తామన్నాడు డాక్టరు. పాత మందులకు గడ్డ లొంగలేదు. ఇష్టం కాక ఏం చేస్తాడు?

"సారూ, మా నాయన బతుకంతా ఇనుపరాయి మోసి, ఆ దుమ్ముతోనే పోయినాడు. నాయన రొమ్ములో చేరి సంపిన లోహం నా పెండ్లాం రొమ్ములో చేరి ఎట్ల బతికిస్తాది?"

"అది వేరే లోహం, జంబన్నా. గడ్డ పెరక్కుండా పట్టుకుంటుంది."

ఎట్లా పట్టుకుంటుందో జంబన్నకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెబితే వాళ్ళ గొప్పేముంది?

తర్వాతిసారి మందు ఎక్కుతుండగా ముసిలామె మళ్ళీ వచ్చింది. బోడితలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుంది. కుడి చెవి దగ్గర గజ్జె ఆడించింది.

"యినపడ్తాండాదా?"

"ఊ."

ఎడమ చెవి దగ్గర ఆడించింది.

నేత్రావతి ఎదురు చూసింది. "ఆడించినావా అవ్వా?" అంది.

ఆమె పెదాల్నే చూస్తున్న ముసిలామె ముఖం మారింది. గబగబా నర్సు అంబిక దగ్గరికి పోయింది. అంబిక వచ్చి మందు ఆపేసింది.

"యాల ఆపితివి సిస్టరమ్మా?"

"డాక్టరు చూసినంక పెడ్తాములే అన్నా. చెవులు టెస్టు చేయాల."

"గడ్డ రొమ్ములో ఉంటే చెవులు టెస్టా? ఎవరో వచ్చి గజ్జె ఊపితే మందు ఆపేస్తారా? ఇది ఆస్పత్రా, జాత్రా?"

అంబిక డాక్టరు కోసం పరుగెత్తింది. జంబన్న కోపమంతా ముసిలామె మీదికి తిరిగింది. ఆమె చేతిలోని గజ్జె లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు.

"నా పెండ్లాం నోటికాడి మందు నిలిపితివి. మల్లా ఈ మంచం కాడికి వస్తే బాగుండదు."

"బిడు మామా, ఇడిసిపెట్టు, పెద్దామె," అంది నేత్రావతి.

ముసిలామె అతని నోటి వైపే చూసింది. ఏం అర్థమైందో ఏమో. "అట్లే అప్పా," అని వెళ్ళిపోయింది.

కాసేపటికి కిటికీ కింద గడ్డిలో వంగి వెతుక్కుంటూ కనిపించింది. జంబన్న చూపు తిప్పుకున్నాడు.

డాక్టరు మోతాదు తగ్గించి మందు మళ్ళీ మొదలుపెట్టాడు. నేత్రావతి ఎడమ చెవికి సన్నని చప్పుళ్ళు అందడం లేదు గానీ, అంతకన్నా పాడవలేదు. గడ్డ కరుగుతూ వచ్చింది.

ముసిలామె మాత్రం మళ్ళీ కనిపించలేదు.

ఒకరోజు జంబన్న బజారులో ఒక గజ్జె కొన్నాడు. ఎందుకు కొన్నాడో అతనికే తెలియలేదు. తెచ్చి అంబిక ముందు పెట్టాడు.

"ఆ యవ్వకు ఇయ్యి సిస్టరమ్మా. ఆ పొద్దు ఏదో కోపంలో..."

అంబిక దాన్ని ముట్టుకోలేదు. "హుసేనమ్మ పోయిందన్నా. వాళ్ళూరు చోరనూరులోనే, పోయిన అమాసకు."

"ఏమాయె?"

"నేత్రక్క జబ్బే ఆమెకూ."

జంబన్న అయోమయంగా చూశాడు. "మరి ఈడ ఏం పనిచేస్తాండె? ఆయానా?"

"ఎవరూ పెట్టిన పని గాదన్నా. చెవులకు మిషను టెస్టు అప్పుడప్పుడే చేస్తాము. నడమ ఎవురికీ తన మాదిరి కాకూడదని ఆమే వస్తాండె."

"తన మాదిరి అంటే?"

అంబిక గజ్జె వైపు చూసింది.

"ఆ గజ్జె సద్దు ఆమెకే యినపడేది గాదన్నా, ఈ మందు అందరికన్నా ముందు ఎక్కించుకున్నది హుసేనమ్మే, ఎంత ఎక్కిస్తే చెవులు పోతాయో డాక్టర్లకు తెలిసింది ఆమె చెవులు రెండూ పోయినంకనే."