కుడి పక్క సీవీ, ఎడమ పక్క క్రాసు

"సీవీ జాయింట్లే వేస్తున్నాం. ఇంక మాటల్లేవు," అన్నాడు సుదీప్.

"క్రాసులే వేస్తున్నాం. మాటలు చాలా ఉన్నాయి," అంది దుర్గాశ్రీ.

ఫరంపేటలో లూయిస్ వెల్డింగ్ షెడ్డు. మధ్యలో స్టాండ్ల మీద ఇసుక పందేల బగ్గీ, ఒంటి మీద రేకు ముక్కయినా లేకుండా పైపులతో నిలబడి ఉంది. దానికి అటు బావ, ఇటు మరదలు. దుర్గాశ్రీ సుదీప్‌కి స్వయానా మేనమామ కూతురు. ఇద్దరూ కలిసే కట్టారు బండిని. కలిసి కట్టడమంటే రోజూ కొట్టుకుంటూ కట్టడమే లెండి.

తగువు చిన్నదేం కాదు. ఇసుకలో గంతులెయ్యాలని ఈ బగ్గీ వెనక చక్రాలు మూరెడు పైకీ కిందకీ ఆడేలా పెట్టారు. ఇంజన్ నుంచి చక్రానికెళ్ళే షాఫ్టు అంత ఊపులోనూ వంగుతూనే తిరగాలి. అంటే దానికి మోకాళ్ళు కావాలి. ఆ మోకాళ్ళే జాయింట్లు. కార్లకుండే సీవీ జాయింటు గిన్నెలో ఉక్కు గోళీలతో నున్నగా తిరుగుతుంది, మరీ వంచితే మాత్రం పట్టేస్తుంది. లారీలకీ, రొయ్యల చెరువుల ఏరేటర్లకీ ఉండే క్రాసు మొండిది. ఎంత వంచినా వంగుతుంది, కానీ వంగి తిరిగినంతసేపూ కుదుపుతుంది.

"మా చెరువు మీద ఏరేటరు క్రాసులు ఉప్పునీళ్ళలో తిరుగుతున్నాయి, తెలుసా?"

"అవి నీళ్ళు చిలకడానికే పనికొస్తాయి. ఇది పందెం బండి."

"నీ సీవీలు పెళ్ళివారి కారుకి పనికొస్తాయి. మెత్తగా వెళ్తారు."

వినీ వినీ లూయిస్‌కి విసుగొచ్చింది. చేతిలో వెల్డింగ్ రాడ్డు కింద పడేశాడు.

"ఆపండెహె. కుడి పక్క అబ్బాయి సీవీలు, ఎడమ పక్క అమ్మాయి క్రాసులు. రేపు సాయంత్రం దరియాలతిప్ప ఇసుకలో నేనే తోలతాను. ఎవరి పక్క చక్రం ఆగిపోతే వాళ్ళు తప్పుకోవాలి. ఆదివారం పందెంలో రెండోవాళ్ళే తోలాలి. ఇష్టమేనా?"

"ఇష్టమే లూయిసన్నా," అంది దుర్గాశ్రీ.

సుదీప్ కూడా సరే అన్నాడు గానీ చూపంతా సీటు మీదే. బండిలో సీటు ఒక్కటే. ఆ సీటు తనదేనని కనకాలపేట సెంటర్లో ఇప్పటికే ఫ్లెక్సీ కట్టించేశాడు మరి. హెల్మెట్ చంకలో పెట్టుకున్న తన నిలువెత్తు ఫొటో, పక్కనే ఒక సింహం. సీటు పోతే ఆ సింహానికి మొహం ఎలా చూపిస్తాడు?

షాఫ్టులు రెండూ ఒకే పొడుగుకి కోయించారు. ఒకే కొలత బోల్టులు. బిగించాక ఇసుక పోకుండా, చెరువుల మీద ఏరేటర్లకి చుట్టినట్టే, జాయింట్ల మీద పాత సైకిల్ ట్యూబు దట్టంగా చుట్టేశారు. చుట్టాక ఏది సీవీయో ఏది క్రాసో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

చుట్టే ముందు సుదీప్ కుడి చక్రాన్ని బాగా కిందికి దించి చేత్తో తిప్పాడు. లోపల కరకరమంది. ఎవరూ వినకుండా గట్టిగా దగ్గాడు. అటు పక్క చక్రం దగ్గర దుర్గాశ్రీ కూడా ఎందుకో దగ్గింది.

మర్నాడు పొద్దున్నే బండికి పసుపు రాసి బొట్టు పెట్టొస్తానని దుర్గాశ్రీ షెడ్డుకెళ్ళింది. పసుపు రాయడానికి అంతసేపేంటో, వచ్చేసరికి టిఫిన్ల వేళ దాటిపోయింది.

మధ్యాహ్నం ఆమె చెరువులో మేత చల్లడానికి వెళ్ళింది. లూయిస్ భోజనం చేసి ఇంట్లో నడుం వాల్చాడు. సుదీప్ బగ్గీ కిందకి దూరాడు. తప్పేనని తెలుసు. సింహం గుర్తొచ్చి స్పానర్ తీశాడు. ఎడమ పక్క బోల్టులు ఇలా పట్టుకుంటే అలా వచ్చేశాయి. 'దీనికి బోల్టు బిగించడం కూడా రాదు, మళ్ళీ క్రాసులంట' అనుకున్నాడు. ఆ చీకట్లో కంగారు కంగారుగా ఎడమ షాఫ్టుని కుడికీ, కుడిదాన్ని ఎడమకీ మార్చేశాడు. చక్రం ఆగడమే లెక్క. తర్వాత విప్పి చూసే పని ఎలాగూ తనదే. ఎవరికి తెలుస్తుంది?

సాయంత్రం లూయిస్ సిలువ వేసుకుని సీట్లో కూర్చున్నాడు. బగ్గీ ఇసుక మెట్టలెక్కింది, గెంతింది, దిగింది. బావా మరదళ్ళు ఒడ్డున పక్కపక్కనే నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మూడో మెట్ట మీద టప్‌మని చప్పుడొచ్చి బండి ఆగిపోయింది.

సుదీప్ పరిగెత్తాడు. "ఎడమదే కదా అన్నా?"

"కుడిది," అన్నాడు లూయిస్.

సుదీప్ లెక్కేసుకున్నాడు. తను మార్చాక కుడి పక్కనున్నది క్రాసు. అంటే క్రాసు విరిగిందన్నమాట. బంగారంలాంటి సీవీని చేజేతులా ఆమె పక్కన పెట్టి, సీటు ఆమెకి అప్పజెప్పాడన్నమాట. ఏడుపొక్కటే తక్కువ.

"షెడ్డులో విప్పుదాంలే అన్నా," అన్నాడు నీరసంగా.

"షెడ్డు దాకా ఆగలేను," అంటూ లూయిస్ కత్తితో ట్యూబు కోసేశాడు. పగిలిన గిన్నెలోంచి ఉక్కు గోళీలు ఇసుకలోకి రాలాయి.

సీవీ.

"ఇది కుడి పక్కకెలా వచ్చింది? మధ్యాహ్నం నా చేత్తో నేనే ఎడమకి మార్చాను కదా," అనేశాడు సుదీప్. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

దుర్గాశ్రీ తిట్టలేదు. ఇసుకలో చతికిలబడి, నవ్వాగక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"నా క్రాసు కుదుపు చూసి భయమేసి, పొద్దున్న పసుపు రాసేటప్పుడే నేను అటూ ఇటూ మార్చేశాను బావా. నువ్వు కాస్త ఊరుకునుంటే సీటు నీదే."