చివర్న ఎనభై ఎనిమిది

"పెద్దమ్మా, 88 అంటే ఏంటి?"

కళ్లజోళ్ల కొట్టాయన ఎంత మామూలుగా అడగాలనుకున్నా గొంతు పట్టిచ్చింది. రేడియో క్లబ్బులో మోర్స్ అనే టిక్కుటిక్కుల భాష పాఠాలు చెప్పే పెద్దమ్మ తలెత్తి చూసింది. ఆవిడ ఓడరేవులో వైర్‌లెస్ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి.

"మోర్స్‌లో మాటలు ముగించేటప్పుడు 73 కొడతాం. అంటే నమస్కారాలు. 88 అంటే ప్రేమా, ముద్దులూ. ఎక్కడ చూశావు?"

"ఫ్రెండు లాగ్‌బుక్కులో," అని బొంకాడు.

చూసింది భార్య లాగ్‌బుక్కులో. ఇంట్లో పెట్టుకున్న హామ్ రేడియోలో ఎవరితో మాట్లాడిందీ ఆమె అందులో రాసుకుంటుంది. రోజూ సాయంత్రం, రేడియోలో పేరుకు బదులు వాడే కాల్‌సైన్ ఒకటే, చివర్న అదే 88. పోనీ దాచుకుంటుందా అంటే అదీ లేదు. అతను భోంచేసే బల్ల మీదే బార్లా తెరిచి పెడుతుంది. ఎవరని అడిగితే, "నేర్చుకుంటే మీకే తెలుస్తుంది," అని నవ్వింది.

ఆ రేడియోకు లైసెన్సు వచ్చిన కొత్తలో, "మీరూ నేర్చుకోండి, ఇద్దరం కలిసి కూర్చుందాం," అని ఎంతో బతిమాలింది. "చేతిలో ఫోనుండగా ఈ టిక్కుటిక్కు నాకెందుకు?" అని కొట్టిపారేసింది అతనే. ఇప్పుడా పక్క కుర్చీలో ఎవడో దర్జాగా కూర్చున్నట్టుంది. అన్నం సయించడం మానేసింది.

"నాకూ నేర్పండి," అన్నాడు. "పోనీ, కాల్‌సైన్ చెబితే ఎవరిదో చెప్పగలరా?"

"చెప్పగలను. చెప్పను. నీకు చెవుల్లేవా? నేర్చుకుని నువ్వే విను."

రోజూ మధ్యాహ్నం కొట్టుకు తాళం వేసి క్లబ్బుకు పరిగెత్తేవాడు. లెన్సులు తేవడానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పేవాడు. "వెళ్లి రండి," అనేదే తప్ప భార్య ఒక్క ప్రశ్నా వేసేది కాదు. నేనెటు పోతే దానికేం, వాడుంటే చాలు అని కుమిలిపోయేవాడు. చుక్కా, గీతా. బేరం మధ్యలో కూడా వేళ్లు గాజుబల్ల మీద మోర్స్ కొట్టేవి. కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు అతని వంక అనుమానంగా చూసేవారు.

"మొండివాడివి నాయనా," అనేది పెద్దమ్మ. "ప్రేమతో నేర్చుకున్నా ఇంత తొందరగా రాదు."

ఓ రోజు ఆవిడ వినిపించిన పాఠమంతా గబగబా రాసేశాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని దిద్దింది.

"రెండే తప్పులు. ఇక ఎవరు కొట్టినా పట్టేస్తావు, పో."

ఆ సాయంత్రం భార్య గది తలుపు పక్కన నక్కాడు. ఇవాళ వాడెవడో తేలిపోవాలి, ఆ తర్వాత ఈ కాపురం ఉంటుందో ఊడుతుందో చూసుకోవచ్చు. లోపల ఆమె మీట టకటకా నొక్కి ఆగింది. స్పీకర్లోంచి జవాబు మొదలైంది. ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరం పేర్చుకున్నాడు.

"మీ ఆయన పాఠంలో ఇవాళ రెండే తప్పులమ్మా, 88."